చిన్నోడు చెరిపిన మాటలు

లిఫ్టు మెకానిక్కుకు యాభై రెండేళ్ళు. జుట్టు సగం నెరిసింది, మిగతా సగం ఎప్పుడో సెలవు పుచ్చుకుంది. అయినా వాళ్ళక్క నోట ఆయన చిన్నోడే. ఆవిడ అలా పిలవగా పిలవగా లిఫ్టు కంపెనీలో సూపర్‌వైజరుకు కూడా అదే అలవాటైపోయింది. "చిన్నోణ్ణి పంపండి, ఆ మూడో అంతస్తు తలుపు ఆయన మాటే వింటుంది" అని ఫోన్లు వచ్చేవి. కనుక మనమూ చిన్నోడనే అనుకుందాం.

చిన్నోడికి పాత కంప్యూటర్లంటే ప్రాణం. కొత్తవంటే గిట్టదని కాదు, జేబులో అందరికీ ఉన్నట్టే ఫోనుంది. కానీ ముప్ఫై నలభై ఏళ్ళ కిందటి కంప్యూటర్లు, అరచేతిలో ఇమిడే బుల్లి కంప్యూటర్లు పాత సామాన్ల కొట్టు ముందు కనబడ్డాయంటే ఇక ఆయన కాళ్ళు కదలవు. ఇంట్లో వెనక గది నిండా అవే. టీవీకి తగిలించుకుని, టేపురికార్డరు క్యాసెట్టులోంచి ప్రోగ్రాములను పాఠంలా అప్పజెప్పించుకునే రబ్బరు మీటల కంప్యూటరు ఒకటి. సూట్‌కేసులా మూత పెట్టి మోసుకెళ్ళేది ఇంకొకటి, అది మోస్తే మర్నాడు భుజానికి పట్టీ వేసుకోవాల్సిందే. పచ్చటి అక్షరాల తెరలు రెండు. ఒక సొరుగులో మెత్తటి గుడ్డల్లో చుట్టి, కళ్ళజోడు పెట్టెలంత చేతి కంప్యూటర్లు పదకొండు.

"నా పెళ్ళికి ముందే ఈయనకు ఏడుగురు భార్యలు, తర్వాత ఇంకెంతమందిని తెచ్చాడో నాకు లెక్క తెలియదు" అనేది ఆయన భార్య, వచ్చిన చుట్టాలకు ఆ గది చూపిస్తూ. నవ్వుతూనే అనేది. ఆ గదిలో దుమ్ము దులిపేదీ ఆవిడే.

ఆదివారమైతే చిన్నోడు బాల్కనీలో పీట వేసుకుని కూర్చునేవాడు. పసుపు పచ్చబడిన ప్లాస్టిక్ పెట్టెలకు మందు రాసి ఎండలో పెట్టేవాడు. సాయంత్రానికి అవి తెల్లబడుతుంటే పసిబిడ్డకు తలంటినంత సంబరం. లోపల బ్యాటరీ కారిపోయి పచ్చగా చిలుము పట్టిన చోట పాత పళ్ళ బ్రష్షుతో వెనిగర్ రాసి, ఊపిరి బిగబట్టి తోమేవాడు. పనిచేయని పెట్టె ఒకటి వెలిగి, తెర మూలన చుక్క మిణుకుమంటే చాలు, వంటింట్లోకి పరిగెత్తుకెళ్ళి భార్యను చెయ్యి పట్టి లాక్కొచ్చేవాడు. "ఏముంది చూడ్డానికి? చుక్కేగా!" అనేది ఆవిడ. "చుక్క కాదే, ఏం చెప్తావో చెప్పు అని అడుగుతోంది" అనేవాడు.

ఈ పిచ్చి అంటించింది అక్కే. వాళ్ళమ్మ పోయేనాటికి అక్కకు పదహారు, చిన్నోడికి ఎనిమిది. నాన్న ఉన్నా, ఉద్యోగం పేరుతో ఇంటిపట్టున ఉండేవాడు కాదు. అక్క చదువు మానేసి వీధి గదిలో కుట్టుమిషను వేసుకుంది. ఆవిడ గొంతు నాలుగిళ్ళ అవతలికి వినబడేది. గిరాకీలతో బేరం, చిన్నోడికి చివాట్లు, మిషనుతో గొడవ, అన్నీ ఒకే శ్రుతిలో. చిన్నోడికి పద్నాలుగేళ్ళప్పుడు, దేశం వదిలి వెళ్ళిపోతున్న గిరాకీ ఒకావిడ ఇంట్లో సామాను అమ్ముతుంటే, ఆ రబ్బరు మీటల కంప్యూటరును అక్క నాలుగు జతల బట్టలు ఊరికే కుట్టిపెట్టి తెచ్చింది. అదేమిటో ఆవిడకు తెలియదు.

"ఏంటక్కా ఇది?"

"ఏమోరా. దీంట్లో ఏం కొడితే అది టీవీలో వస్తుందట. నీ చేతులు ఊరుకోవుగా, గడియారాలన్నీ విప్పేశావు. ఇక దీన్ని విప్పుకో."

చిన్నోడు విప్పలేదు. దాని ముందు కూర్చుని మూడు రోజులు లేవలేదు. మొదట తెర మీద రాసింది అక్క పేరే. అక్క వచ్చి చూసి, "నా పేరు టీవీలో వచ్చిందర్రా!" అని వీధంతా వినబడేలా అరిచింది.

ఆ గొంతు పోయింది.

అప్పటికి అక్కకు యాభై ఏడు. భర్త చాలా కాలం కిందటే, కూతురికి మూడేళ్ళప్పుడే పోయాడు. ఆ కూతుర్ని అందరూ చిట్టి అంటారు. ఆసుపత్రి ప్రయోగశాలలో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం. అక్క గొంతు బొంగురుపోతే, జలుబులే అని మూడు నెలలు ఎవరి మాటా వినలేదు. చిట్టే బలవంతంగా తీసుకెళ్ళి పరీక్ష చేయించింది. స్వరపేటిక తీసేస్తే గాని బతకదన్నారు డాక్టర్లు. తీసేశారు. స్పృహ వచ్చాక అక్క నోరు తెరిచి ఏదో అనబోయింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఆవిడ తమ్ముడి వైపు చూసిన చూపును చిన్నోడు ఎవరికీ ఎప్పుడూ వర్ణించి చెప్పలేదు.

పలకా బలపం ఇచ్చారు. రెండో రోజే విసిరికొట్టింది. చిట్టి ఫోనులో రాయమంటే, అద్దం మీద వేళ్ళు నిలవడం లేదని తోసేసింది. నలభై ఏళ్ళు సూదీ గుండీ పట్టిన వేళ్ళు, వాటికి నొక్కితే నొక్కినట్టు తెలియాలి. చిన్నోడు ఇంటికి వెళ్ళి, సొరుగులోంచి చేతి కంప్యూటరు ఒకటి తీశాడు. పదకొండింటిలోకీ గట్టిది. మూత తెరిస్తే చిన్న తెర, కింద నిజమైన మీటలు. రెండు పెన్సిల్ బ్యాటరీలతో నెలరోజులు నడుస్తుంది. అక్క ఒళ్ళో పెట్టుకుని, రెండు బొటనవేళ్ళతో టకటకా నొక్కి, తెర తిప్పి చూపించింది. దానికి ఇంగ్లీషు అక్షరాలే వచ్చు, ఆ అక్షరాల్లోనే తెలుగు.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావురా దీన్ని, వెధవా!"

ఆపరేషను తర్వాత ఆవిడ తిట్టిన మొదటి తిట్టు అది. చిన్నోడు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

అయితే ఇంగ్లీషు అక్షరాల తెలుగుతో ఒకటే తంటా. ఆవిడ పాలు అని కొడితే ఈయన పళ్ళు అని చదివి పళ్ళ కొట్టుకు పరిగెత్తేవాడు. ఒకసారి ఆవిడ "గుండీ" అని కొడితే చిట్టి "గుండె" అని చదివి అంబులెన్సుకు ఫోను చేయబోయింది. అప్పుడు చిన్నోడు ఒక పని తలకెత్తుకున్నాడు. ఆ బుల్లి యంత్రానికి తెలుగు నేర్పాలి. గళ్ళ కాగితాలు కొని, ఒక్కో అక్షరాన్నీ పదహారు గళ్ళ పొడవు, పదహారు గళ్ళ వెడల్పులో చుక్కలు పెట్టి గీశాడు. వత్తులు కిందకు దిగడానికి చోటుండదు, గుడులు పైన తగులుకుంటాయి. నాలుగు నెలల ఆదివారాలు పోయాయి. వరసకు నాలుగు అక్షరాలు అవగానే తీసుకెళ్ళి అక్కకు చూపించేవాడు.

"ఇది ళ ఏంట్రా? నత్తలా ఉంది."

"సరే, తోక తగ్గిస్తా. ఝ మాత్రం కుదరట్లేదక్కా, ఎలా గీసినా ముద్దైపోతోంది."

"వదిలెయ్. నేను తిట్టే తిట్లలో ఝ లేదు."

అలా ఝ లేని తెలుగు వచ్చింది ఆ యంత్రానికి. వెనక గదిలో పచ్చ తెర కంప్యూటరుకు తీగ తగిలించి ఆ ప్రోగ్రామును అందులోకి ఎక్కించాడు. మొదటిసారి తెలుగులో అక్షరాలు పడుతుంటే అక్క చూస్తూ కూర్చుంది. చాలాసేపటి తర్వాత నొక్కింది: "చిన్నోడా, బాగుందిరా." ఆ రెండు ముక్కల కోసం చిన్నోడు ఇంకో నాలుగు నెలలైనా గీసేవాడు.

ఆ తర్వాత అక్క మాటలకే కాక, రాయడానికి కూడా దాన్ని పట్టుకుంది. కుట్టు పని కాస్త తగ్గగానే కిటికీ పక్కన కూర్చుని రాసేది. ఎవరైనా దగ్గరికొస్తే టక్కున మూత వేసేది. ఒకరోజు తమ్ముడికే చెప్పింది, తెర మీద: "చిట్టికి రాస్తున్నా. అది పుట్టినప్పటినుంచీ. గొంతున్నప్పుడు అరవడమే సరిపోయింది, చెప్పాల్సింది చెప్పలేదు. నేను పోయాక తీసివ్వు. నువ్వు చదవకూడదు."

"నువ్వు ఎక్కడికీ పోవు గానీ, ఓసారి ఇవ్వు, నా కంప్యూటర్లోకి కాపీ తీసిపెడతా. పది నిమిషాల పని. దీని జ్ఞాపకమంతా బ్యాటరీ మీదే నిలబడుతుంది. పెన్సిల్ బ్యాటరీలు మార్చేటప్పుడు ఈ చిన్న బిళ్ళ బ్యాటరీ కాపలా కాస్తుంది. రెండు మూతలూ ఒకేసారి మాత్రం తీయకు, మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది."

"తీస్తే చదువుతావు నువ్వు."

"చదవనక్కా!"

"చిన్నప్పుడు నాకొచ్చిన ఉత్తరాలు విప్పింది ఎవడు?"

చిన్నోడు నవ్వి ఊరుకున్నాడు. ఆ తర్వాత కూడా రెండుసార్లు అడిగాడు, ఆవిడ రెండుసార్లూ మూత వేసింది. గట్టిగా పట్టుబట్టలేదు. తొందరేముంది, చూద్దాంలే అనుకున్నాడు. బిళ్ళ బ్యాటరీ మాత్రం తానే కొత్తది వేసి, దాని మీద సన్న కలంతో తేదీ రాశాడు.

రెండేళ్ళు గడిచాక జబ్బు ఊపిరితిత్తుల్లో తేలింది. చిట్టి పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. చిట్టి తెల్లకోటులోనే వచ్చి తల్లి పక్కన కూర్చుని, మళ్ళీ కిందికి దిగి రక్తం సీసాల మీద చీటీలు అతికించుకుని, మళ్ళీ పైకొచ్చేది. ఒక మధ్యాహ్నం చిన్నోడు పన్నెండంతస్తుల భవనంలో లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి తాళ్ళు చూస్తుండగా ఫోను మోగింది. పైన మోటారు హోరు.

"మామయ్యా, అమ్మ మిషన్లో బ్యాటరీలు అయిపోయాయి. చిన్నది కూడా మార్చాలని తెర మీద వచ్చింది. ఎదురు కొట్లో తెచ్చి రెండూ వేసేశాను. చక్కగా వెలిగింది."

"మంచి పని చేశావు తల్లీ," అన్నాడు చిన్నోడు ఒక చేత్తో తాడు పట్టుకుని. ఏ మాట విన్నాడో, ఏ మాట హోరులో కొట్టుకుపోయిందో. ఫోను జేబులో పెట్టుకుని పనిలో పడ్డాడు.

సాయంత్రం ఆసుపత్రికి వెళితే అక్క ఇంగ్లీషు అక్షరాల్లో మాట్లాడుతోంది.

"ఏంటక్కా, మన అక్షరాలు వదిలేశావేం?"

ఆవిడ ఒక్క క్షణం చిట్టి వైపు చూసింది. చిట్టి గ్లాసులో నీళ్ళు పోస్తోంది. మెల్లగా నొక్కింది: "ఇది చాలు. వేళ్ళు తిరగట్లేదు."

నిజమే కాబోలనుకున్నాడు. మనిషి ఎముకల గూడులా ఉంది. తొమ్మిదో రోజు పొద్దున, చిట్టి చెయ్యి పట్టుకునే ఉండగా, అక్క పోయింది.

పది రోజుల తర్వాత చిట్టి ఆ యంత్రాన్ని గుడ్డలో చుట్టి తెచ్చి చిన్నోడి చేతిలో పెట్టింది. కళ్ళు గుంటలు పడ్డాయి.

"నేను తెరవలేదు మామయ్యా. ధైర్యం చాల్లేదు. నా కోసమే రాశానంది, నువ్వు తీసిస్తావంది. ఒక్క అక్షరం కూడా పోకూడదు."

"పోదమ్మా."

ఆ ఆదివారం మధ్యాహ్నం వెనక గదిలో బల్ల మీద పెట్టి మూత తెరిచాడు. తన తెలుగు ప్రోగ్రాము లేదు. తేదీ చూస్తే ఆ యంత్రం పుట్టిన ఏడాది చూపిస్తోంది. చిన్నోడికి అప్పటికే అర్థమైంది, కానీ చేతులు ఒప్పుకోలేదు. అడుగు మూత విప్పి బిళ్ళ బ్యాటరీ బయటికి తీయకుండానే వంగి చూశాడు. కలంతో రాసిన తేదీ లేదు. కొట్లోంచి వచ్చిన కొత్త బిళ్ళ, తళతళా మెరుస్తోంది. లిఫ్టు హోరులో విన్న మాట ఇప్పుడు స్పష్టంగా వినబడింది. రెండూ వేసేశాను. మంచి పని చేశావు తల్లీ.

ఒక్క చీటీ. మూత లోపల "రెండూ ఒకేసారి తీయకు" అని ఒక్క చీటీ అతికించి ఉంటే సరిపోయేది. చిట్టి చీటీ చదవకుండా దేన్నీ ముట్టుకోదు.

యంత్రం జ్ఞాపకంలో మూడే మూడు కాగితాలున్నాయి, అంటే మూడు ఫైళ్ళు, తొమ్మిది రోజులవి. మొదటిది పొడుగ్గా ఉంది. ఆసుపత్రిలో అక్క అడిగినవన్నీ ఒకదాని కింద ఒకటి. నీళ్ళు. దిండు ఎత్తు. కిటికీ మూయి. కాలు తిమ్మిరి. నర్సును పిలువు. నువ్వు తిన్నావా. అబద్ధం. వెళ్ళి తిను. నీళ్ళు. తిన్నావా.

రెండో కాగితం పేరు చిన్నోడు.

"చిన్నోడా, రాసిందంతా పోయింది. నువ్వు చెప్పావు రెండు మూతలూ తీయొద్దని, నేను దానికి చెప్పలేదు. నేను నిద్రలో ఉన్నప్పుడు మార్చింది. లేచేసరికి ఎంతో సంతోషంగా చూపించింది. దానికి తెలియకూడదు. చీటీ తారుమారైతే మనిషి పోతాడని రోజూ భయపడే పిల్ల. తట్టుకోదు. ఏం చెప్తావో నీ ఇష్టం."

మూడోది చిట్టి పేరున ఉంది. అది చదవకూడదు. చదివాడు.

"చిట్టీ, మళ్ళీ చెప్తా విను. నువ్వు పుట్టిన రోజు పొద్దున నేను నీలం గౌనుకు గుండీలు కుడుతున్నా. ఆరో గుండీ దగ్గర నొప్పులు మొదలయ్యాయి. ఆ గిరాకీ గౌను కోసం మళ్ళీ రాలేదు. ఆ గౌను"

అక్కడితో ఆగిపోయింది.

భార్య టీ పట్టుకొచ్చేసరికి చిన్నోడు నేల మీద కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పాడు. ఆవిడ తెర చూసింది, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీ గ్లాసు ఆయన పక్కన పెట్టి అంది:

"నిజం చెప్పేయండి. తెలియక చేసింది, పిల్ల తప్పేముంది? ఏడుస్తుంది, ఊరుకుంటుంది."

"ఊరుకోదు. నేను దాన్ని ఎత్తుకుని పెంచాను, నాకు తెలుసు. వాళ్ళమ్మ రెండేళ్ళ రాతను తన చేత్తో తుడిచేశానని బతుకంతా తవ్వుకుంటుంది."

"మరేం చెప్తారు?"

"కాపీ తీస్తూ నేను చెరిపేశానంటా."

"మిమ్మల్ని మళ్ళీ గుమ్మం తొక్కనిస్తుందా?"

చిన్నోడు యంత్రం మూత వేశాడు. "పూర్తి అబద్ధం కూడా కాదుగా," అన్నాడు. "పది నిమిషాల పని. రెండేళ్ళు చేయలేదు."

అయితే ఆ మూడు కాగితాలూ ఉండగా ఆ అబద్ధం నిలవదు, చివరి తొమ్మిది రోజులవే ఎలా మిగిలాయని చిట్టి అడుగుతుంది. చిన్నోడు తీగ తగిలించి ఆ మూడింటినీ పచ్చ తెర కంప్యూటర్లోకి లాగి, మూడు ఫ్లాపీల మీద మూడు కాపీలు తీశాడు. ప్రతిదీ తెరిచి, అక్షరం అక్షరం సరిచూశాడు. ఆ తర్వాత యంత్రాన్ని బోర్లించి పెన్సిల్ బ్యాటరీలు తీశాడు. గోరుతో బిళ్ళ బ్యాటరీ మూత లేపాడు. ఇన్నేళ్ళలో చచ్చిన పెట్టెల్ని ఎన్నింటినో లేపాడు గాని, బతికున్న దాన్ని చంపడం ఇదే మొదలు. బిళ్ళ పైకి తీసి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపు ఆగాలో తెలియదు, భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆగాడు. మళ్ళీ బ్యాటరీలు వేసి మీట నొక్కితే, ఈ రోజు తేదీ ఏమిటని అడిగింది ఆ యంత్రం, ఎవరో కొత్తవాణ్ణి అడిగినట్టు.

చెప్పడానికి అక్క ఇంటికే వెళ్ళాడు. వీధి గదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. చిట్టి తలుపు తీసింది, మామయ్య చేతిలో యంత్రం చూడగానే మొహం విప్పారింది.

"తీశావా?"

"చిట్టీ, కూర్చో."

"తీశావా మామయ్యా?"

"కాపీ తీయబోయి చెరిపేశానమ్మా. నా చెయ్యి... ఒకటి నొక్కబోయి ఒకటి నొక్కాను. ఏమీ మిగల్లేదు."

చిట్టికి ముందు అర్థం కాలేదు. యంత్రం తీసుకుని మూత తెరిచి మీటలు నొక్కింది. మూసి మళ్ళీ తెరిచింది.

"నీళ్ళడిగినవి కూడానా? ఆసుపత్రిలో రాసినవీ?"

ఆ ప్రశ్నకు చిన్నోడు సిద్ధపడి రాలేదు. "అన్నీ," అన్నాడు.

చిట్టి అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది, ఆ గదికి అలవాటే. ఆ పిల్ల చిన్న గొంతుతో అంది:

"ఎక్కడెక్కడి చెత్తకుప్పల్లోంచో తెచ్చి ఇన్నింటిని బతికించావు కదా మామయ్యా. ఎవరెవరివో. మా అమ్మదొక్కటీ నీకు బరువైందా?"

"చిట్టీ..."

"వెళ్ళు. దీన్ని ఇక్కడే పెట్టి వెళ్ళు."

చిన్నోడు మెట్లు దిగాడు. వీధి చివర దాకా నడిచాక గాని గుర్తు రాలేదు, చెప్పులు అక్కడే వదిలేసి వచ్చానని. వెనక్కి వెళ్ళలేదు.

ఆ తర్వాత చిట్టి ఫోను ఎత్తలేదు. చిన్నోడి భార్య ఫోను మాత్రం ఎత్తేది, "బాగున్నానత్తా" అని పెట్టేసేది. వెనక గదిలో పెట్టెల మీద పాత దుప్పట్లు పడ్డాయి. సూట్‌కేసు కంప్యూటరును ఒక పాలిటెక్నిక్ వాళ్ళొచ్చి అడిగితే, అంతకు ముందు ఎంత బతిమాలినా ఇవ్వనివాడు, మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. ఆదివారాలు కూడా డ్యూటీ వేయించుకున్నాడు. "ఒక్కటైనా వెలిగించండి, ఆ చుక్క చూస్తాను" అని భార్య అడిగితే, "ఏముంది చూడ్డానికి" అన్నాడు. ఆవిడ లోపలికెళ్ళి ఏడ్చింది. రెండుసార్లు ఆవిడ చిట్టి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేద్దామని బయల్దేరింది. రెండుసార్లూ గుమ్మంలోనే ఆగిపోయింది. చచ్చిపోయిన మనిషి అడిగిన మాట కదా అది.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక ఆదివారం, చిన్నోడికి డ్యూటీ లేని రోజు, పొద్దున్నే తలుపు చప్పుడైంది. చిట్టి. చిక్కిపోయింది. చేతిలో గీతల నోటుపుస్తకం, కలం.

"నిన్ను చూద్దామని రాలేదు," అంది లోపలికి రాకుండానే. "అమ్మ సంగతులు నాకు కొన్ని తెలియవు. చిన్నప్పటివి, నేను పుట్టకముందువి. నీకు తప్ప ఇంకెవరికీ తెలియవు. చెప్పు, రాసుకుంటా. నువ్వు కూడా పోతే ఇక అడగడానికి ఎవరూ ఉండరు."

"రా తల్లీ," అన్నాడు చిన్నోడు. తలుపు బార్లా తెరిచి పక్కకు తప్పుకున్నాడు.

భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. అత్త టీ పెట్టి, వాళ్ళ కంట పడకుండా వంటింట్లోనే నిలబడిపోయింది. చిన్నోడు చెప్పాడు. పదహారేళ్ళ పిల్ల కాళ్ళందక మిషను కింద పీట వేసుకోవడం, మొదటి గిరాకీ జాకెట్టుకు రెండు చేతులూ ఒకే పక్కకు కుట్టేయడం, ఆ గిరాకీ మీదే ఎదురు అరవడం. చిట్టి ఒకచోట నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు తల వంచుకుని రాసుకుంది.

"నేను పుట్టినప్పుడు?"

చిన్నోడు కప్పు కింద పెట్టాడు. "నువ్వు పుట్టిన రోజు పొద్దున అక్క నీలం గౌనుకు గుండీలు కుడుతోంది. ఆరో గుండీ దగ్గర నొప్పులు మొదలయ్యాయి. ఆ గిరాకీ గౌను కోసం మళ్ళీ రాలేదు."

చిట్టి కలం ఆగింది. "ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు అమ్మ. తర్వాత? ఆ గౌను ఏమైంది?"

"తెలియదమ్మా. నాతో అంతవరకే అంది."

చిట్టి ఆ వాక్యాలు రాసుకుని, కింద నాలుగు గీతలు ఖాళీ వదిలింది. కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ రోజు ఏం నొక్కావు మామయ్యా? సరిగ్గా చెప్పు. నాకు రోజూ అదే ఆలోచన. అలా ఎలా పోతుంది?"

"కాపీ తీయమనే చోట చెరిపెయ్యమని నొక్కాను. నిజంగానా అని అడిగింది యంత్రం. చూసుకోకుండా అవునన్నాను."

"నేనైతే రెండుసార్లు చూసుకునేదాన్ని."

"అవునమ్మా," అన్నాడు చిన్నోడు. "నువ్వైతే చూసుకునేదానివి."

వంటింట్లో ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది. చిట్టి అటు చూసి, మళ్ళీ పుస్తకం వైపు తిరిగి, పేజీ తిప్పింది.

"నిన్ను క్షమించలేదు. అది వేరే సంగతి," అంది. "జాకెట్టు గిరాకీ తర్వాత ఎవరు?"